గాయకుడు తాళం తప్పాడా, కంప్యూటర్ తప్పించిందా?

ట్రాక్ వింటూ సరిగ్గానే పాడాను. చేత్తో తాళం వేసుకుంటూనే పాడాను. రికార్డు చేసింది తిరిగి వింటే మాత్రం గొంతు వెనకబడినట్టు ఉంది. తప్పు నాదా, కంప్యూటర్‌దా?

ఇంట్లో రికార్డింగ్ మొదలుపెట్టిన వాళ్లకు ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. మా తిరువూరు వైపు ఈమధ్య మరీ ఎక్కువగా వినపడుతోంది. పాట రికార్డు చేయాలంటే ఒకప్పుడు విజయవాడో హైదరాబాదో బస్సెక్కాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక లాప్‌టాప్, దానికి యూఎస్‌బీ తీగతో తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు ఉంటే చాలు. జానపదమైనా, క్రైస్తవ గీతమైనా, నెమలి వేణుగోపాలస్వామి మీద భక్తి పాటైనా, ఎన్నికల ప్రచార పాటైనా ఇంటి గదిలోనే తయారవుతోంది. పరికరాలు ఇంటికి వచ్చాయి గానీ, వాటిని సరిచూసుకునే అలవాటు వాటి వెంట రాలేదు. దాంతో చక్కగా పాడే పిల్లలు కూడా "నీకు తాళం నిలవదు" అని మాట పడుతున్నారు. చాలాసార్లు ఆ మాట అన్యాయం. అది అన్యాయమో కాదో ఊహించనక్కర్లేదు, కొలిచి తేల్చవచ్చు. అర మీటరు తీగ, ఓ పావుగంట ఓపిక ఉంటే సరిపోతుంది.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది?

మైకులో పడిన గొంతు విద్యుత్తుగా మారి ఇంటర్‌ఫేస్‌లోకి వెళుతుంది. ఇంటర్‌ఫేస్ దాన్ని సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఒక్కో కొలత ఒక శాంపిల్. ఈ శాంపిళ్లను కంప్యూటర్ ఒక్కొక్కటిగా తీసుకోదు. బస్టాండు దగ్గర షేర్ ఆటో సీట్లు నిండితే గానీ కదలదు గదా, ఇదీ అంతే. ఆటోలో 256 సీట్లుంటే, 256 శాంపిళ్లూ ఎక్కేదాకా మొదట ఎక్కింది కూర్చుని ఉండాల్సిందే. ఈ సీట్ల సంఖ్యనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ సైజు అంటారు.

లెక్క తేలిక. సెకనుకు 48,000 శాంపిళ్లంటే మిల్లీసెకనుకు 48. 256ను 48తో భాగిస్తే 5.3 మిల్లీసెకన్లు. గొంతు కంప్యూటర్‌లోకి పోవడానికి ఒక ఆటో, ప్రాసెసింగ్ అయ్యాక హెడ్‌ఫోన్‌కి తిరిగి రావడానికి ఇంకో ఆటో. రెండూ కలిపితే 10.7. బఫర్ 64 పెట్టుకుంటే రానూపోనూ 2.7 మిల్లీసెకన్లే అవుతుంది, 1024 పెడితే 42.7 అవుతుంది.

అలాంటప్పుడు అందరూ 64 పెట్టుకోవచ్చు కదా? పెట్టుకోవచ్చు, ప్రాసెసర్ తట్టుకుంటే. ఆటో చిన్నదైన కొద్దీ డ్రైవర్ ఎక్కువ ట్రిప్పులు వేయాలి. 64 శాంపిళ్ల బఫర్ అంటే సెకనుకు 750 ట్రిప్పులు. ప్రతి 1.3 మిల్లీసెకన్లకూ రివర్బ్, కంప్రెసర్, ఈక్యూ లెక్కలన్నీ పూర్తి కావాలి. ఒక్క ట్రిప్పు తప్పినా హెడ్‌ఫోన్‌లో చిటపట వినిపిస్తుంది. మే నెలలో లాప్‌టాప్ వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గించుకున్నప్పుడూ, కరెంటు పోయి బ్యాటరీ మీద పొదుపు మోడ్‌లోకి వెళ్లినప్పుడూ నిన్నటిదాకా బాగా నడిచిన బఫర్ ఇవాళ చిటపటలాడటానికి కారణం ఇదే. వేసవిలో మధ్యాహ్నం రికార్డింగ్ పెట్టుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బఫర్‌తోనే కథ అయిపోదు. ధ్వనిని అంకెలుగా, అంకెలను తిరిగి ధ్వనిగా మార్చే కన్వర్టర్లలోని ఫిల్టర్లు కొంత సమయం తింటాయి. యూఎస్‌బీ తన వంతు తీసుకుంటుంది. తీగ మీద ఎక్కడా అంతరాయం రాకుండా, ఇంటర్‌ఫేస్‌నూ కంప్యూటర్‌నూ కలిపే డ్రైవర్ అనే ప్రోగ్రాం (ఆటో డ్రైవర్ కాదు) తన దగ్గర కొన్ని శాంపిళ్లు అదనంగా దాచిపెట్టుకుంటుంది. ఈ దాచిన భాగం చాలా సందర్భాల్లో బయటికి కనిపించదు. మన కొలత పనికంతటికీ మూలం ఈ కనిపించని భాగమే.

ఎంత ఆలస్యమైతే మనిషికి తెలుస్తుంది?

గాలిలో శబ్దం 20 డిగ్రీల వేడిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. మా ఊళ్లో ఎండ 43 డిగ్రీలకు చేరిన రోజున ఆ వేగం 357 దాకా పోతుంది. మొత్తానికి ఒక మిల్లీసెకనుకు మూర కన్నా తక్కువ దూరం, 34 సెంటీమీటర్లు. భజనలో హార్మోనియం వాయించే ఆయనకూ మృదంగం ఆయనకూ మధ్య రెండు మీటర్ల ఎడం ఉంటే, ఒకరి వాద్యం ఇంకొకరికి 6 మిల్లీసెకన్లు ఆలస్యంగానే చేరుతుంది. ఎవరూ గమనించరు, తాళం ఎక్కడా చెడదు. దూరం వందల మీటర్లయితే సంగతి వేరు. 2009లో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో సిలికానాంధ్ర వాళ్లు లక్ష గళార్చన పేరుతో అన్నమయ్య కీర్తనలు పాడించారు. అంత మైదానంలో వేదిక దగ్గరి శబ్దం 300 మీటర్ల అవతలికి గాలిలో చేరాలంటే దాదాపు ఒక సెకను పడుతుంది. అందుకే పెద్ద సభల్లో దూరపు స్పీకర్లకు పంపే ధ్వనిని లెక్కకట్టి ఆలస్యం చేస్తారు, వేదిక నుంచి గాలిలో వచ్చే శబ్దమూ అదీ ఒకేసారి చెవిన పడేలా.

హెడ్‌ఫోన్ పెట్టుకున్న గాయకుడి పరిస్థితి వీటన్నిటికన్నా సున్నితం. ఎందుకంటే అతని గొంతు అతనికి రెండు దారుల్లో అందుతుంది. ఒకటి పుర్రె ఎముకల గుండా, ఏ ఆలస్యమూ లేకుండా. రెండోది మైకు, కంప్యూటర్, హెడ్‌ఫోన్ మీదుగా కాస్త ఆలస్యంగా. ఈ రెండూ చెవిలో కలిసేటప్పుడు కొన్ని పౌనఃపున్యాల దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆలస్యం 5 మిల్లీసెకన్లయితే 100, 300, 500 హెర్ట్జ్ దగ్గర గండి పడుతుంది. మగ గొంతు మంద్రస్థాయి సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. "హెడ్‌ఫోన్‌లో నా గొంతు డొల్లగా ఉందండీ, ఎవరిదో పాడినట్టుంది" అని గాయకుడు అంటే మైకును అనుమానించకండి. ముందు ఆలస్యాన్ని అనుమానించండి. 2007లో లెస్టర్, బోలీ అనే ఇద్దరు పరిశోధకులు వేదిక మీద వాడే మానిటర్ల ఆలస్యాన్ని వాద్యకారుల చేత పరీక్షించి, చెవిలో పెట్టుకునే మానిటర్లతో పాడేవాళ్లు దీనికి చాలా త్వరగా ఇబ్బంది పడతారనీ, కీబోర్డు వాయించేవాళ్లు ఎక్కువ తట్టుకుంటారనీ తేల్చారు.

ఆలస్యం ఇంకా పెరిగి 200 మిల్లీసెకన్ల దగ్గరికి వస్తే పాట సంగతి అటుంచి మాటే తడబడుతుంది. బెర్నార్డ్ లీ 1950లోనే దీన్ని గురించి రాశాడు. తన మాట తనకే సెకనులో అయిదో వంతు ఆలస్యంగా వినపడితే మనిషి నత్తినత్తిగా మాట్లాడతాడు, అక్షరాలను సాగదీస్తాడు. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో ఆలస్యం సుమారుగా ఈ కొలతలోనే ఉంటుంది. పాట వినడానికి బ్లూటూత్ హాయి. పాడేటప్పుడు మాత్రం దాన్ని పక్కన పెట్టి తీగ హెడ్‌ఫోన్ తీసుకోవాలి. ఇందులో రాజీకి తావే లేదు.

ఇక్కడ రెండు ఆలస్యాలున్నాయి, కలిపేయకండి

ఈ విషయం మీద నేను చూసిన గందరగోళమంతా ఈ ఒక్క చోటే ఉంది, కాబట్టి నిదానంగా చెబుతాను.

మొదటిది, పాడుతుండగా మన గొంతు మనకు ఆలస్యంగా వినపడటం. ఇది జరుగుతున్న క్షణంలోనే ఇబ్బంది పెడుతుంది. దీన్ని తర్వాత సరిదిద్దడానికి వీల్లేదు. బఫర్ తగ్గించాలి, లేదంటే ఇంటర్‌ఫేస్ మీదున్న డైరెక్ట్ మానిటర్ వాడాలి. డైరెక్ట్ మానిటర్ ఆన్ చేస్తే గొంతు కంప్యూటర్ దాకా పోకుండా ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా హెడ్‌ఫోన్‌లోకి వచ్చేస్తుంది.

రెండోది, రికార్డయిన గొంతు సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్ మీద తప్పు చోట పడటం. ఇలా ఆలోచించండి. సాఫ్ట్‌వేర్ ట్రాక్‌ను ప్లే చేసింది. అది గాయకుడి చెవికి చేరేసరికి 7 మిల్లీసెకన్లు గడిచాయి. అతను విన్నదానితో కచ్చితంగా కలిపి పాడాడు. ఆ గొంతు మైకు నుంచి సాఫ్ట్‌వేర్‌కు చేరడానికి మరో 8. అంటే సాఫ్ట్‌వేర్ దృష్టిలో గొంతు 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చింది. గాయకుడు మాత్రం వెంట్రుకవాసి తప్పలేదు. ఈ సంగతి సాఫ్ట్‌వేర్‌కూ తెలుసు. అందుకని రికార్డింగ్ ఆపగానే ఆ క్లిప్పును 15 మిల్లీసెకన్లు ముందుకు జరిపి పెడుతుంది. రీపర్, క్యూబేస్, ఏబుల్టన్ లైవ్ లాంటివన్నీ చేసేది ఇదే.

అయితే 15 అని దానికి ఎవరు చెప్పారు? డ్రైవర్ చెప్పింది. డ్రైవర్ తప్పు చెబితే? సాఫ్ట్‌వేర్ ఆ తప్పునే నమ్మి, అంత మేర తప్పుగానే జరుపుతుంది. కొన్ని డ్రైవర్లు బఫర్‌ను మాత్రమే లెక్కగట్టి కన్వర్టర్ సంగతి వదిలేస్తాయి. ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన సొంత డ్రైవర్ కాకుండా అన్నిటికీ పనికొచ్చే డ్రైవర్ పెట్టుకున్నప్పుడు ఈ తేడా పెద్దగా ఉండే అవకాశం ఉంది. సాఫ్ట్‌వేర్ మూలన 6.9, 7.6 అంటూ చక్కగా దశాంశంతో సహా కనిపించే అంకెలు కొలిచినవి కావు. డ్రైవర్ ఇచ్చిన వాంగ్మూలం మాత్రమే.

ఈ రెండో ఆలస్యం దెబ్బ డప్పు మీద తెలిసినంతగా ఇంక దేనిమీదా తెలియదు. నిమిషానికి 140 దెబ్బల వేగంతో నడిచే జానపదం తీసుకోండి. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య 429 మిల్లీసెకన్లు, దాన్ని నాలుగు చేస్తే ఒక్కోటి 107. కంప్యూటర్‌లో అల్లిన రిథమ్ మీద నిజమైన డప్పు వాయించారు. డ్రైవర్ చెప్పిన అంకెలో 600 శాంపిళ్లు, అంటే 12.5 మిల్లీసెకన్లు తక్కువైంది. తిరిగి వింటే ఒక్క దెబ్బగా ఠక్కుమని పడాల్సిన చోట అంచు చీలిపోతుంది, రెండు పుల్లలు ఒకదాని వెనక ఒకటి తగిలినట్టు. డప్పు తోలు మీద సిర్ర పడినప్పుడు పుట్టే పదును అంతా ఆ మొదటి రెండు మూడు మిల్లీసెకన్లలోనే ఉంటుంది కాబట్టి చెవి దాన్ని ఇట్టే పట్టేస్తుంది. అదే 12.5 మిల్లీసెకన్లు ఫ్లూటు మీదైతే దాదాపు ఎవరికీ తెలియదు.

తర్వాత రెండో డప్పు వాయించే మనిషి, కంప్యూటర్ రిథమ్‌ను కాకుండా మొదటి డప్పునే పట్టుకుని వాయిస్తాడు. మనిషి చెవి మనిషి వాద్యం వైపే పోతుంది. అతనిది 25 మిల్లీసెకన్ల వెనక పడుతుంది. మూడోది 37.5. ఒకే గొంతుతో నాలుగు వరసల కోరస్ కట్టేటప్పుడూ ఇదే జరుగుతుంది. మొదటి వరసలో కనిపించని తప్పు నాలుగో వరసకు పాటను ఈడ్చేస్తుంది. అప్పుడు అందరూ చూసేది వాయించినవాడి మొహం వైపే.

ఎలా కొలవాలి?

పద్ధతి చిన్నది. సాఫ్ట్‌వేర్ నుంచి ఒక పదునైన శబ్దాన్ని బయటికి పంపి, అదే శబ్దాన్ని తీగ ద్వారా తిరిగి లోపలికి తెచ్చి రికార్డు చేసి, రెండిటి మధ్య ఎడం చూడటమే. మనిషిని మధ్యలోంచి తీసేస్తాం కాబట్టి మిగిలిన ఆలస్యమంతా యంత్రానిదే.

ఇంటర్‌ఫేస్ వెనకున్న రెండో అవుట్‌పుట్ నుంచి ముందున్న రెండో ఇన్‌పుట్‌కు ఒక జాక్ తీగ తగిలించండి. తగిలించే ముందు మూడు జాగ్రత్తలు. కండెన్సర్ మైకుకు ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆపేయండి. డైరెక్ట్ మానిటర్ ఆపేయండి, ట్రాక్ మీదున్న మానిటర్ బటన్ కూడా ఆపేయండి. లేకపోతే వెళ్లిన శబ్దమే మళ్లీ మళ్లీ తిరిగి కీచుమని అరుస్తుంది. స్పీకర్లు, హెడ్‌ఫోన్ తగ్గించి పెట్టుకోండి. చెవికీ పరికరానికీ రెండిటికీ మంచిది.

కొత్త ప్రాజెక్టు తెరిచి శాంపిల్ రేటు 48,000 పెట్టండి, బఫర్ 256. ఒక ట్రాక్ మీద పదునైన శబ్దం ఒకటి వేయండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే క్లిక్ వాడొచ్చు, చిడతల దెబ్బ ఒకటి కత్తిరించి పెట్టుకున్నా బాగా పనిచేస్తుంది. దాన్ని పూర్తిగా కుడివైపుకు పాన్ చేస్తే రెండో అవుట్‌పుట్‌కే వెళుతుంది. ఇంకో ట్రాక్‌ను రెండో ఇన్‌పుట్ మీద రికార్డుకు సిద్ధం చేయండి. మాస్టర్ ట్రాక్ మీద ఏ ప్లగిన్ ఉన్నా తీసేయండి. ముందుగా చూసి పనిచేసే లిమిటర్లు, లీనియర్ ఫేజ్ ఈక్యూలు తమ వంతు ఆలస్యం కలిపి మన లెక్కను పాడుచేస్తాయి.

మొదట, సాఫ్ట్‌వేర్ తనంతట తాను జరిపే ఏర్పాటును ఆపి రికార్డు చేయండి. రీపర్‌లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి, ఆడియో కింద రికార్డింగ్ పేజీలో డ్రైవర్ చెప్పిన లేటెన్సీ (ఆలస్యం) వాడమనే టిక్కు ఉంటుంది. అది తీసేయాలి. రికార్డయ్యాక పై ట్రాక్‌లోని క్లిక్కు, కింది ట్రాక్‌లోని క్లిక్కు తరంగం విడివిడి చుక్కలుగా కనపడేదాకా జూమ్ చేయండి. పైన ఉన్న కొలబద్దను శాంపిళ్లకు మార్చండి. రెండిట్లోనూ ఒకే చోటును గుర్తు పెట్టుకోవాలి. పైన శిఖరం పట్టుకుంటే కిందా శిఖరమే పట్టుకోండి. తరంగం తలకిందులై వచ్చినా కంగారు పడకండి, కొన్ని పరికరాల్లో అలా వస్తుంది.

ఎడం 742 శాంపిళ్లు వచ్చిందనుకుందాం. 48తో భాగిస్తే 15.5 మిల్లీసెకన్లు. ఇది రానూపోనూ అసలు ఆలస్యం. ఇందులో రెండు బఫర్లకు 512 పోతే 230 మిగిలింది. ఈ 230 కన్వర్టర్లదీ యూఎస్‌బీదీ డ్రైవర్ దాచుకున్నదీ. నమ్మకం కుదరాలంటే బఫర్ 128కి మార్చి మళ్లీ కొలవండి. 486 రావాలి. 512కి మారిస్తే 1254. మూడు సార్లూ ఆ 230 అలాగే నిలిస్తే మీ కొలత మీద మీరు నిశ్చింతగా ఉండొచ్చు. నిలవకపోతే కొలత తప్పని అనుకోకండి. కొన్ని డ్రైవర్లు బఫర్‌ను బట్టి దాచుకునేది కూడా మార్చుకుంటాయి. అలాంటప్పుడు మీరు రికార్డింగ్‌కు వాడే బఫర్ దగ్గరే కొలిచి దాన్నే నమ్మండి.

తర్వాత ఆ టిక్కు తిరిగి పెట్టి మళ్లీ రికార్డు చేయండి. డ్రైవర్ నిజం చెబితే రెండు క్లిక్కులూ ఒకదాని కింద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. డ్రైవర్ 690 అని చెప్పి, అసలు 742 అయితే, 52 శాంపిళ్ల తేడా కనిపిస్తుంది. ఒక మిల్లీసెకను పైచిలుకు. ఇది చిన్నదే. కొన్ని చోట్ల ఈ తేడా వందల శాంపిళ్లు ఉంటుంది, అక్కడే పిల్లలు మాట పడుతున్నది. మీకు వచ్చిన తేడాను రీపర్‌లో అదే పేజీలో ఉన్న మాన్యువల్ ఆఫ్‌సెట్ గడిలో రాయాలి. క్యూబేస్‌లో రికార్డ్ షిఫ్ట్ అనీ, ఏబుల్టన్ లైవ్‌లో డ్రైవర్ ఎర్రర్ కాంపెన్సేషన్ అనీ ఉంటుంది. గుర్తు ప్లస్సా మైనస్సా అని తల పట్టుకోనక్కర్లేదు. రాసి మళ్లీ ఒకసారి రికార్డు చేయండి. ఎడం సున్నా అయితే సరే. రెట్టింపు అయిందంటే గుర్తు తిప్పండి.

ఉచితంగా దొరికే ఆడాసిటీ వాడేవాళ్లకు ఒక ప్రత్యేక మాట. అందులో లేటెన్సీ కాంపెన్సేషన్ గడిలో మైనస్ 130 మిల్లీసెకన్లు ముందే రాసి ఉంటుంది. అది ఎవరి కంప్యూటర్‌నూ కొలిచి రాసింది కాదు, మొదలుపెట్టడానికి ఇచ్చిన ఒక అంకె. మీ కంప్యూటర్‌లో అది సరిపోతుందన్న హామీ లేదు. ఆడాసిటీలో పాటలు చేస్తూ ఎప్పుడూ కొలవని వాళ్లు ఇవాళే కొలవాలి. లినక్స్ మీద ఆర్డోర్ వాడేవాళ్లకు ఈ శ్రమ లేదు. తీగ తగిలించి బటన్ నొక్కితే అదే కొలిచి, అదే రాసుకుంటుంది. ఆ ఏర్పాటు అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఉండాలి. ఇన్నేళ్లయినా లేకపోవడం లోటే.

కొలత ఒకసారితో ఆపకండి. సాఫ్ట్‌వేర్ మూసి తెరిచి, తీగ పీకి పెట్టి కొలిస్తే కొన్ని యూఎస్‌బీ పరికరాలు ప్రతిసారీ కొద్ది శాంపిళ్లు అటూ ఇటూ చూపిస్తాయి. ఆ మాత్రం తేడా పాటకు పట్టదు. తేడా వందల్లో ఉంటే డ్రైవర్ మార్చడమే దారి.

తీగ తగిలించే వీలు లేకపోతే?

లాప్‌టాప్ సొంత మైకుతోనో, ఫోన్‌లోనో, యూఎస్‌బీ మైకుతోనో పనిచేసేవాళ్లకు ఇన్‌పుట్ రంధ్రమే ఉండదు. వాళ్లకు రెండు మార్గాలు. హెడ్‌ఫోన్ గిన్నెను మైకుకు ఆనించి పైన చెప్పినట్టే క్లిక్ రికార్డు చేయడం మొదటిది. అంకె దాదాపు అంతే కచ్చితంగా వస్తుంది. స్పీకర్‌ను ఒక మీటరు దూరంలో పెడితే మాత్రం గాలి ప్రయాణం 3 మిల్లీసెకన్లు అందులో కలుస్తుందని మరవకండి.

రెండోది నాకు బాగా ఇష్టమైన పద్ధతి. సాఫ్ట్‌వేర్‌లో మానిటర్ ఆన్ చేసి, మైకు శబ్దం కంప్యూటర్ గుండా స్పీకర్‌లోకి చిన్నగా వచ్చేలా పెట్టండి. పక్కన వేరే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి. మైకు పక్కన బల్ల మీద పెన్నుతో ఒక్కసారి టక్కుమని కొట్టండి. ఫోన్‌కు రెండు శబ్దాలు వినిపిస్తాయి. బల్ల మీదిది ఒకటి, స్పీకర్‌లోంచి వచ్చింది ఇంకొకటి. ఆ ఫోన్ రికార్డింగ్‌ను సాఫ్ట్‌వేర్‌లో తెరిచి రెండు టక్కుల మధ్య ఎడం చూస్తే, పాడేటప్పుడు మీ గొంతు మీకు ఎంత ఆలస్యంగా వినపడుతోందో తేలిపోతుంది. రెండు శబ్దాలూ ఒకే ఫోన్‌లో రికార్డయ్యాయి కాబట్టి ఆ ఫోన్ తాలూకు ఆలస్యం లెక్కలోకి రాదు. మిడి కీబోర్డును కూడా ఇలాగే పరీక్షించవచ్చు. మీటను గోటితో కొట్టిన చప్పుడు మొదటిది, స్పీకర్‌లో పలికిన స్వరం రెండోది.

ఇది కంప్యూటర్‌తో పుట్టిన సమస్యేనా?

కాదు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణిలో గానీ, మద్రాసు స్టూడియోల్లో గానీ గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి కూర్చుని ఒకే టేకులో పాడిన రోజుల్లో దీనికి చోటు లేదు. ముందు రికార్డు చేసినదాన్ని వింటూ దాని మీద ఇంకొకటి రికార్డు చేయడం మొదలైనప్పుడే ఇది పుట్టింది. టేపు యంత్రంలో రికార్డు చేసే హెడ్ వేరు, వినిపించే హెడ్ వేరు. టేపు సెకనుకు 15 అంగుళాల చొప్పున తిరిగితే, రెండు హెడ్‌ల మధ్య రెండంగుళాలకు 133 మిల్లీసెకన్లు. అలా విని పాడితే పాట కలవదు. అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ 1950లలో రికార్డు హెడ్‌తోనే పాత ట్రాక్‌లను వినిపించే ఏర్పాటు చేసి ఈ చిక్కు విప్పింది. అలాంటి ఎనిమిది ట్రాకుల యంత్రం 1957లో గిటారిస్టు లెస్ పాల్ ఇంటికి చేరింది. కంప్యూటర్ రోజులకు వస్తే, విండోస్ మధ్యవర్తిత్వాన్ని తప్పించి సాఫ్ట్‌వేర్ నేరుగా ఇంటర్‌ఫేస్‌తో మాట్లాడే దారిని 1997లో స్టైన్‌బర్గ్ కంపెనీ ఆసియో పేరుతో తెచ్చింది. ఇప్పటికీ విండోస్ మీద పాట రికార్డు చేసేవాళ్లు ముందుగా పెట్టుకోవాల్సింది అదే, అదీ మీ ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవరే.

అమెరికాలో ఉన్న అక్కతో కలిసి వీడియో కాల్‌లో కీర్తన పాడితే ఎందుకు కలవడం లేదని అడిగేవాళ్లకు కూడా ఇక్కడే జవాబు ఉంది. ఇక్కడి నుంచి డాలస్ సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లే పోగలదు. ఒకవైపుకే కనీసం 70 మిల్లీసెకన్లు, దారిలో యంత్రాలు కలిపేది అదనం. ఒకరినొకరు వింటూ కలిసి వాయించేవాళ్లకు ఒకవైపు ఆలస్యం 25 మిల్లీసెకన్లు దాటితే కాలప్రమాణం మెల్లగా జారిపోతుందని స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగాలు చూపించాయి. డాలస్‌తో కలిసి పాడటం ఏ ఖరీదైన ఇంటర్‌ఫేస్ వల్లా కాదు. ఒకరు ముందు పాడి పంపితే, దాని మీద ఇంకొకరు పాడి కలపడమే పని. 2020 లాక్‌డౌన్‌లో గళ్లు గళ్లుగా మొహాలు కనిపిస్తూ వచ్చిన బృంద గీతాలు అలా విడివిడిగా పాడి కలిపినవే.

ఇక తిరువూరులోనైనా, కల్లూరులోనైనా, సత్తుపల్లిలోనైనా ఇంటి గదిలో పాటలు చేస్తున్నవాళ్లకు నా మనవి ఇది. రికార్డు చేసేటప్పుడు మాస్టర్ మీద ప్లగిన్లు తీసేసి బఫర్ 128 పెట్టండి, మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు 1024కి పెంచుకోండి. మీ ఇంటర్‌ఫేస్‌ను ఈ వారంలోనే తీగతో కొలిచి, బఫరూ శాంపిల్ రేటూ తేదీతో సహా ఆ అంకెను ఒక కాగితం మీద రాసి దాని మీదే అంటించండి. డ్రైవర్ అప్‌డేట్ చేసినా, కంప్యూటర్ మార్చినా మళ్లీ కొలవండి. ఆ కాగితం అంటించేదాకా మీ గదికి వచ్చిన ఏ గాయకుణ్ణీ, ఏ డప్పు కళాకారుణ్ణీ తాళం తప్పాడని అనకండి.